ఇసుక ముందు, ఇసుకరాయి తరువాత

అమ్మాయీ,

ఉపాధ్యాయులచేత రాళ్ళ పేర్లన్నియు కంఠస్థము చేయించి, ఆ పిమ్మటనే వారిని కొండలకు తీసికొనిపోదునా అని అడిగితివి, వలదు. పిల్లవాడొకడు రాతిముక్కను చేతికిచ్చి ఇదేమి అని అడిగినపుడు చెప్పలేకపోయినచో పరువు పోవునని వారు జంకుచున్నారంటివి. ఆ జంకు సహజమే గాని, పేర్ల పట్టిక వల్లించినవాడు పట్టికలో లేని రాయి ఎదురైన క్షణమున మునుపటికంటె ఎక్కువగా బెదరును. తెలియని రాతిని ఏమని ప్రశ్నింపవలెనో ఎరిగినవాడే 'నాకును తెలియదు, రమ్ము, చూతము' అని నిబ్బరముగా అనగలడు. నీవు వారికి ఈయవలసినది ఆ నిబ్బరము.

కావున మొదటి దినమున వారిని నీ శిష్యులుగానే నడిపింపుము. వేంపల్లెకు చేరువనున్న గండికి తీసికొనిపొమ్ము. పాపఘ్ని అచ్చట కొండను కోసికొని వెడలుటచే, ఏటి ఇసుకయు, ఒకప్పుడు ఇసుకయై యుండి నేడు కరడుగట్టిన రాయియు ఒక్కచోటనే కాలికి తగులును. అయితే ఎల్లరును బండియెక్కి దిగినంతనే కొండవంక చూతురు. నీవు వారిని ఏటిలోనికి దింపుము. ఇది నా పట్టుదల యనుకొమ్ము, చాదస్తమనుకొమ్ము: ఇసుకను చూడనివానికి ఇసుకరాయిని చూపరాదు. నీరు తగ్గిన దినములలో తడియిసుక తిన్నెనొకదానిని పారతో మోకాటిలోతున నిలువుగా కోయించి, ఆ కోతముఖమును చేతితో మెల్లగా చదును చేయించినచో, అడ్డముగా పరచుకొన్న పొరలనడుమ ఏటవాలుగా పేర్చినట్లున్న సన్ననిగీతలు బయటపడును. ఆ గీతలు ఏవైపునకు దిగుచున్నవో, ఏరు ఏవైపునకు పారుచున్నదో వారినే పోల్చి చూడనిమ్ము. పైభాగమున నీరు గీచిన అలలచారలలో ఒకవైపు నిడుపైన వాలును, మరియొకవైపు నిట్రమైన వాలును ఉండుననియు, ఆ నిట్రమైనది దిగువకు తిరిగి యుండుననియు ఎవరో ఒకరు కనిపెట్టుదురు. కనిపెట్టువరకు నీవు నోరు విప్పకుము. నీకు ఇది కష్టమని నేనెరుగుదును, తెలిసినదానిని దాచుకొనుట నీకు చిన్ననాటినుండియు చేతకాదు.

అటుపిమ్మట కొండపాదమునకు పోయి, అవియే గీతలను రాతిలో వెదకుడని చెప్పుము. దొరికిన తోడనే, ఈ రాతిని పేర్చిన ప్రవాహము ఏ దిక్కునకు పారినదను ప్రశ్న వారిలోనే పుట్టును. ఆ ప్రశ్న పుట్టిన తరువాత 'క్వార్ట్‌జైటు' అను పేరు చెప్పినను దోషములేదు. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు రాళ్ళనుగూర్చి వ్రాసిన గ్రంథములో ఈ పొరలకు గువ్వలచెరువు పేరును, వీనిపై పొరలకు వేంపల్లె పేరును, ఈ రెంటిని కలిపిన సముదాయమునకు పాపఘ్ని పేరును పెట్టెనని అప్పుడు చెప్పుము. తమ యూరిపేరు భూవిజ్ఞానమున నిలిచియున్నదని విన్న ఉపాధ్యాయుని ముఖము చూడదగినది.

నీవు పంపిన సామగ్రి జాబితాలో సుత్తులు మొదటనున్నవి, కాగితములును పెన్సిళ్ళును చివరనున్నవి. ఇదేమి వరుస? ఒక్క సుత్తి నీయొద్ద నుండిన చాలును. వేంపల్లె డోలమైటులో కోసిన ఉల్లిగడ్డవలె పొరలుతేరిన ఆకృతులు కలవు. 180 కోట్ల సంవత్సరములకు పైబడిన ఆ పొరలను సూక్ష్మజీవులు కట్టినవి. మన శిక్షణార్థులు తలకొక ముక్క పగులగొట్టుకొనిపోయినచో మరుసటి జట్టునకు మిగులునదేమి? ప్రతివారును ఒకచోట కూర్చుండి బొమ్మ గీయవలెను. పొరల మందమును జానలతో కొలిచి ఆ బొమ్మప్రక్కన వేయవలెను. చిత్రలేఖనము రాదనువారే తరచుగా మంచి బొమ్మలు గీతురు, ఏలయనగా వారు అందముకొరకు దేనిని కల్పింపరు.

ఆమ్లపరీక్షను గూర్చి ఒక హెచ్చరిక. సున్నపురాయిపై పలుచని హైడ్రోక్లోరికామ్లము పొంగునని పుస్తకములలో చదివినవారు డోలమైటుపై ఒక చుక్క వేసి, పొంగలేదు గనుక ఇందు కార్బనేటు లేదని తీర్మానింతురు. కత్తితో గీరి పొడిచేసి ఆ పొడిమీద చుక్క వేయుమనుము, మెల్లగా బుడగలు లేచును. బడిలో పరచిన కడప బండయు సున్నపురాయియే. అయినను ప్రధానోపాధ్యాయుని గదిలో ఈ పరీక్ష చేయవలదని ముందే చెప్పి యుంచుము, నునుపు చెడును.

పులివెందులవైపు పాత రాతినార గనుల కుప్పలు కలవు. తెల్లని నారపోగులు చూచుటకు వింతగా నుండును గాని, ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరము. పెద్దలనుగాని పిల్లలనుగాని అటు పోనీయకుము. ఈ విషయమున మొగమాటము పనికిరాదు.

గండి నీకు పాఠశాల మాత్రమే. ప్రతి ఉపాధ్యాయుడును తన బడినుండి పిల్లలు నడిచిపోగల దూరమున ఒక్క తావును, అది దిగుడుబావి గోడయో, వంకగట్టో, బాటకొరకు కోసిన మిట్టయో, ఎన్నుకొని, అచ్చటికి వేసవిలో ఒకమారు, వానలు వెలిసిన పిమ్మట ఒకమారు పోవునట్లు చేయుము. నల్లరేగడి బీటల లోతును మండుటెండలలో కొలిచినవాడు వానాకాలమున మరల పోయి చూడక నిలువలేడు. ఆ రెండవమారును గూర్చి నీ ప్రణాళికలో ఒక్క పంక్తియు లేదు. దానిని చేర్చి, గండిలో వారు గీచిన బొమ్మలను నీవు దిద్దకముందే నాకు పంపుము.

ఆశీస్సులతో,
మీ తాతయ్య