పండిత రమాబాయి, కేడ్‌గావ్ అచ్చుకూటం

సోలాపూర్ నుంచి పుణె వెళ్ళే రైల్లో దౌండ్ దాటాక కేడ్‌గావ్ అని చిన్న స్టేషన్ వస్తుంది. పండిత రమాబాయి స్థాపించిన ముక్తి మిషన్ ఉన్నది ఆ ఊళ్ళోనే.

రమాబాయి 1858లో కర్ణాటకలోని గంగామూల అడవిలో పుట్టారు. ఆడవాళ్ళకి సంస్కృతం చెప్పకూడదనే రోజుల్లో తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే తన భార్యకే నేర్పారు. ఆ తల్లి దగ్గర కూతురు నేర్చుకున్నారు. ఊరూరా తిరిగి పురాణం చెప్పుకునే కుటుంబం అది. మద్రాసు రాజధానిలో కరువు వచ్చి తల్లి, తండ్రి, అక్క కొద్ది నెలల్లోనే పోయారు. మిగిలిన అన్నాచెల్లెళ్ళు 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమె విద్య చూసి 'పండిత', 'సరస్వతి' బిరుదులిచ్చారు. పెళ్ళయిన రెండేళ్ళకే, 1882లో, భర్త కలరాతో చనిపోయారు. ఒళ్ళో పసిపిల్ల మనోరమ.

1883లో ఇంగ్లండులో బాప్తిస్మం తీసుకున్నారు. అట్లాగని చెప్పిందల్లా తలొంచి నమ్మలేదు, అక్కడి క్రైస్తవ సన్యాసినులతోనూ గట్టిగా వాదించారు. 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచి, మరుసటేడు పుణెకి మార్చారు. మతం చెప్పమని మాట ఇచ్చిన బడి అది. కొందరు పిల్లలు ఆమె ప్రార్థనలో కూర్చుంటున్నారని తెలిసి 1893లో పెద్ద గొడవైంది. తిలక్ 'కేసరి' విరుచుకుపడింది, రానడే, భండార్కర్ సలహాసంఘం వదిలేశారు, చాలామంది పిల్లల్ని ఇంటికి తీసుకుపోయారు. తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది. కానీ అదే పిల్లల్ని తల గొరిగించి మూల కూర్చోబెట్టిన రోజున ఆ కోపం ఎటు పోయింది? ఆ సదన్‌లో చదివిన గోదూబాయి హిందువుగానే ఉండి, అదే ఏడు కర్వేగారిని పెళ్ళి చేసుకున్నారు. 1916లో మహిళా విశ్వవిద్యాలయం పెట్టింది ఆ కర్వేగారే.

1896-97 కరువులో రమాబాయి మధ్యపరగణాలకి వెళ్ళి వందలమంది ఆడపిల్లల్ని తీసుకొచ్చారు. ఆకలి ఏం చేస్తుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. కేడ్‌గావ్ పొలంలో ముక్తి అట్లా పెరిగింది. అక్కడ చదువుతోబాటు నేత, సేద్యం, అచ్చుపని కూడా నేర్పేవాళ్ళు. 1905లో పెద్ద ఉజ్జీవం కూడా వచ్చింది.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆమె చేసిన బైబిల్ అనువాదం. మరాఠీలో బైబిల్ అప్పటికే ఉంది. కానీ అందులో సంస్కృతం ఎక్కువై పల్లెటూరి ఆడవాళ్ళకి అందదని ఆమె బాధ. ఇంట్లో ఒక భాష, పుస్తకంలో ఒక భాష ఉన్న మనకి ఈ బాధ కొత్త కాదు. అందుకని మూలంతో సరిచూసుకోడానికి హీబ్రూ, గ్రీకు నేర్చుకున్నారు. సంస్కృతంతోనే పేరు తెచ్చుకున్న మనిషి, కావాలని తేలిక మాటలు ఏరుకున్నారు! టైపు కూర్చిందీ అచ్చు వేసిందీ ముక్తిలోని ఆడవాళ్ళే, చాలామంది అక్కడికొచ్చాకే అక్షరాలు దిద్దినవాళ్ళు.

1921లో మనోరమ చనిపోయింది. అయినా పని ఆపలేదు. 1922 ఏప్రిల్ 5న రమాబాయి కన్నుమూశారు. పూర్తి బైబిల్ 1924లో వెలువడింది.