వారం వారం సినిమా విమర్శ: నిలకడగా నడపడానికి ఒక పాఠం



మన పిల్లలు సినిమాలు చూస్తున్నారు. చూడకపోవడమే మేలన్న పెద్దల మాటపై మాకు గౌరవం ఉంది. అయితే ఫోను ప్రతి ఇంట్లోనూ ఉంది, తెర జేబులోకే వచ్చింది. చూసినదాన్ని తూచి మంచిచెడ్డలు ఎంచే తెలివి నేర్పడం మన బాధ్యత. తెర మీద ముస్లిం అంటే చాలాసార్లు నవాబు, ఖవ్వాల్, తుపాకీ పట్టినవాడు, లేదా హీరో కోసం ప్రాణమిచ్చే స్నేహితుడు. ఈ మూసను గుర్తుపట్టి నిలదీసే కలాలు మనలోంచే రావాలి. పఠనాలయాల్లో యువకులు నడిపే గోడపత్రిక అందుకు చక్కని పాఠశాల. అలాంటి పత్రికలు మొదట్లో హుషారుగా నడిచి, నాలుగైదు వారాలకే ఆగిపోతుంటాయి. అవి ఆగకుండా ఎలా నడపాలో చూద్దాం.

ఒక ఉదాహరణ

పానీపట్‌లో 1914లో పుట్టి అలీగఢ్‌లో చదివిన ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ ‘బొంబాయి క్రానికల్’లో సినిమా విమర్శలు రాశారు. ఆ తర్వాత తానే సినిమా రచయితగా, దర్శకుడిగా ఎదిగారు. ‘ఆవారా’ (1951), ‘శ్రీ 420’ (1955) కథల వెనుక ఉన్నది ఆయన కలమే. ‘సాత్ హిందుస్తానీ’ (1969) తీసిందీ ఆయనే. ఇన్ని పనుల మధ్య కూడా ఆయన ‘లాస్ట్ పేజ్’ అనే వారపు శీర్షికను మొదట క్రానికల్‌లో, తర్వాత ‘బ్లిట్జ్’లో, 1987లో కన్నుమూసేదాకా నడిపారు. నాలుగు దశాబ్దాలకు పైగా నిలిచిన శీర్షిక అది. దాని పేరు, చోటు, వారం పాఠకుడికి ముందే తెలుసు. శీర్షిక అంటే పాఠకుడికి ఇచ్చిన మాట. మాట తప్పితే ఎంత బాగా రాసినా నమ్మకం పోతుంది.

నాలుగు సోమవారాలు, నాలుగు శీర్షికలు

నాలుగు శీర్షికలూ ప్రతివారం ఉండాలనుకుంటే పని భారమవుతుంది. నెలలో ఒక్కో సోమవారానికి ఒక్కొక్కటి చాలు.

మొదటి సోమవారం: కొత్త సినిమా. సినిమాలు ఎక్కువగా శుక్రవారం విడుదలవుతాయి. ఆ రోజు జుమా నమాజు ఉంటుంది, టికెట్ల కోసం తొక్కిసలాట వద్దు. శనివారం చూసి, ఆదివారం ఉదయం రాసి, సాయంత్రం మరొకరికి చూపిస్తే సోమవారం గోడకెక్కుతుంది.

రెండో సోమవారం: పాత సినిమా. దీనికి విడుదల తేదీతో పని లేదు, ఎప్పుడైనా రాసి దాచుకోవచ్చు.

మూడో సోమవారం: తెర మీద మనం. అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే. ‘గరమ్ హవా’లో దేశ విభజన తర్వాత ఆగ్రాలో ఉండిపోయిన కుటుంబం కథ ఉంది. ‘మమ్మో’ (1994) రాసిన ఖాలిద్ మొహమ్మద్ కూడా సినిమా విమర్శకుడే. ఇక ‘బాజార్’ (1982) మన హైదరాబాద్ కథే. పేదింటి ఆడపిల్లను గల్ఫ్ డబ్బున్న వాడికి నికాహ్ పేరుతో అమ్మేయడం అందులోని విషయం. ఈ సినిమా గురించి రాసే విద్యార్థి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ పిల్ల ఇష్టాన్ని ఎవరైనా అడిగారా? బేరం కుదిర్చినవాళ్లను కథ ఎలా చూపించింది? అలాంటి ఇల్లు మన వీధిలో ఉంటే మనమేం చేస్తాం? మూడో ప్రశ్న సినిమా దాటి మన సంఘాల నికాహ్ సహాయ నిధి దాకా వస్తుంది. విమర్శ నేర్పేది ఇదే.

నాలుగో సోమవారం: ప్రశ్నలు, జవాబులు. పఠనాలయంలో ఒక పెట్టె పెడితే చాలు. ముందు సోమవారం నాటికి చేరిన ప్రశ్నలకే జవాబు.

క్యాలెండర్ ముందు పెట్టుకుని

ఏడాదికి 52 సోమవారాలు. నెలకు నాలుగు చొప్పున 48 పోగా, మిగిలిన ఐదో సోమవారాలు విశ్రాంతికి. రంజాన్‌లో నాలుగు వారాలు సినిమా ఊసు వద్దు, ఆ చోట పుస్తక పరిచయాలు పెట్టాలి. ఇక సుమారు 44 వ్యాసాలు మిగులుతాయి. నలుగురు రాస్తే మనిషికి 11, అంటే నెలకు ఒకటి కంటే తక్కువే.

హిజ్రీ సంవత్సరం చిన్నది కాబట్టి రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో ఫిబ్రవరిలో మొదలయ్యే నెల, 2029 నాటికి సంక్రాంతి సినిమాల రోజులకు చేరుతుంది. 2030లోనైతే జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబర్ చివర మరోసారి మొదలవుతుంది. నెలవంకను బట్టి ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కావచ్చు. అందుకే పాత ఏడాది పట్టికను కాపీ కొట్టకూడదు. పబ్లిక్ పరీక్షల రోజుల్లో పిల్లల చేత రాయించకూడదు. పాత సినిమా, తెర మీద మనం శీర్షికలకు రెండేసి వ్యాసాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటే ఆ వారాలు గడిచిపోతాయి. దాచిన వ్యాసం వాడిన వారమే దాని స్థానంలో మరొకటి రాయించాలి.

దాతలకు మనవి

జకాత్ ఎవరికి చెందాలో ఖుర్‌ఆన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. గోడపత్రిక ఖర్చు అందులోంచి తీయడం తగదు. ఇది విడిగా ఇచ్చే విరాళంతోనే నడవాలి, దాని లెక్క కూడా విడిగా రాయాలి. ప్రారంభోత్సవానికి ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చేకంటే, కాగితం, రంగులు, పుస్తకాల కోసం నెలనెలా కొంచెం ఇవ్వండి. ఇచ్చే ముందు సంవత్సర పట్టిక అడగండి. ఆర్నెల్ల తర్వాత ఎన్ని సోమవారాలు తప్పాయో అడగండి. అలా అడిగేవారుంటేనే పిల్లల్లో పట్టుదల పెరుగుతుంది.

కొంచెమైనా సరే, విడవకుండా చేసే పనే అల్లాహ్‌కు మిక్కిలి ప్రియమైనదని దైవప్రవక్త (సఅసం) బోధించినట్టు హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా మనకు తెలిసింది. నమాజుకు, దానానికి వర్తించే ఆ నియమం నాలుగు కాగితాల గోడపత్రికకూ వర్తిస్తుంది. ఈ ఏడాది మన వాడలో ఒక్క గోడైనా 44 వారాలు ఖాళీగా ఉండకుండా చూద్దాం, ఇన్షా అల్లాహ్.