దగ్గు తగ్గిందని గోలీలు ఆపకు

గోదావరిఖని

అల్లుడూ,

రెండు నెలల టీబీ గోలీలకే దగ్గు పోయిందని, తెమడ పరీక్షలో ఏమీ రాలేదని అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. ఇక గోలీలు ఎందుకన్నావట, అందుకే ఈ ఉత్తరం. తెమడ స్లైడ్ల మీద ఎర్రటి పుల్లల్లా కనిపించే టీబీ క్రిములను వెతికి రిటైరైనవాణ్ణి కదా, నా మాట విను. మిల్లీలీటరు తెమడలో దాదాపు 5,000 నుంచి 10,000 క్రిములు ఉంటేనే మైక్రోస్కోపులో దొరుకుతాయి. అంతకు తక్కువుంటే నెగటివే వస్తుంది.

ఆ మిగిలినవి ఎక్కడుంటాయో తెలుసా? తమను తినడానికి వచ్చిన కణంలోనే. మాక్రోఫేజ్ అనే ఆ కణం క్రిమిని మింగి ఒక సంచిలో పెడుతుంది. ఎంజైములున్న ఇంకో సంచి వచ్చి దానితో కలిస్తే క్రిమి అరిగిపోవాలి. 1971లో ఆర్మ్‌స్ట్రాంగ్, డార్సీ హార్ట్ అనే శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, లోపల క్రిమి బతికున్నప్పుడు చాలాచోట్ల ఆ రెండు సంచులూ కలవడం లేదు.

బొగ్గుబాయిలో హాలేజీ దగ్గర ఒక్క గంట పడితే తాడు ఆగడం నువ్వు రోజూ చూసేదే. క్రిమి చేసేదీ అదే, కణంతో కొట్లాడకుండా గంట కొడుతుంది. అలాంటి ఒక గంటను 2009లో హైదరాబాద్ సీడీఎఫ్‌డీ పరిశోధనా సంస్థలో సంగీతా ముఖోపాధ్యాయ్ బృందం బయటపెట్టింది. క్రిమికి చెందిన పీపీఈ18 అనే ప్రొటీను, కణం మీదున్న టీఎల్‌ఆర్2 అనే గ్రాహకాన్ని తాకి ఐఎల్-10 ను పుట్టిస్తుంది. పోరు ముగిశాక వాపును చల్లార్చడానికి ఒళ్లు వాడుకునే సంకేతం అది. పోరు నడుస్తుండగానే క్రిమి దాన్ని మోగిస్తుంది.

అందుకే ఒంట్లో నిమ్మళంగా ఉందంటే నమ్మకు. మొదటి రెండు నెలల నాలుగు మందులు జోరుగా పెరిగే క్రిములను చంపుతాయి. తర్వాతి నాలుగు నెలల మూడు మందులు, నక్కి ఉన్నవాటి కోసం. నడుమ వదిలితే జబ్బు తిరగబెడుతుంది, మందుకు లొంగని రకంగా కూడా మారొచ్చు.

నీది రూఫ్ బోల్టింగ్ పని. బండ దుమ్ములోని సిలికాను మింగేదీ ఆ మాక్రోఫేజే. అరిగించుకోలేక చస్తుంది, క్రిమికి దారి సులువవుతుంది. సిలికోసిస్ ఉన్నవాళ్లలో టీబీ ఎక్కువ రావడానికి ఇదొక కారణం. డాక్టరుకు నీ పనేంటో చెప్పు. మళ్లీ బాయిలో దిగినప్పుడు నీళ్లు పెట్టకుండా డ్రిల్లు వేయకు, మాస్కు తీయకు.

తాగుడు మానెయ్, ఈ గోలీలతో లివరుకు ఇప్పటికే బరువు. మూత్రం ఎర్రగా వస్తే రిఫాంపిసిన్ వల్లే, భయపడకు. కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా ఆ రోజే ఆస్పత్రికి పో. నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 1000 రూపాయలు వస్తాయి, గుడ్లకు, పప్పుకు పెట్టు. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించు. జబ్బు లేదని తేలినవాళ్లకు ముందుజాగ్రత్త మందు ఇస్తారా అని అడుగు.

ఆరు నెలలు నిండాక మళ్లీ తెమడ ఇయ్యి. గోలీలు ఆపమని డాక్టరే చెప్పాలి, నీ దగ్గు కాదు.

మీ మేనమామ