లీగ్ షెడ్యూల్ లెక్క, బయటి షెడ్యూల్ బేరం

10 జట్ల లీగ్‌కు షెడ్యూల్ వేయమంటే మనలో ఎవరైనా పది నిమిషాల్లో వేస్తారు. ఒక జట్టును కదలకుండా ఉంచి, మిగతా తొమ్మిదింటినీ గుండ్రంగా ఒక్కో స్థానం జరుపుతూ పోతే 9 రౌండ్లలో 45 మ్యాచులూ పూర్తవుతాయి. ఇందులో ఎవరినీ బతిమాలే పని లేదు. లీగ్‌లో ఉన్నాక ఆడాల్సిందే.

అసలు తిప్పలు లీగ్ బయటి మ్యాచులతోనే. అక్కడ రెండు జట్లూ ఒప్పుకుంటేనే ఆట.

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ‘మిడ్-మేజర్’ జట్లని ఉంటాయి. ఆట బాగుంటుంది కానీ డబ్బూ పేరూ ఉన్న పెద్ద లీగుల్లో ఉండవు. సొంత లీగ్ మ్యాచులు పోను మిగిలిన వాటికి ప్రత్యర్థుల్ని తామే వెతుక్కోవాలి. 2018 నుంచి వాడుతున్న ‘నెట్’ ర్యాంకుల పద్ధతిలో, మొదటి తరగతి గెలుపు అనిపించుకోవాలంటే సొంత కోర్టులో మొదటి 30 ర్యాంకుల్లోని జట్టును ఓడించాలి. బయటి కోర్టులో అయితే 75వ ర్యాంకు దాకా చాలు. ఇప్పుడు 65వ ర్యాంకు మిడ్-మేజర్‌ను పెద్ద జట్టు తన ఇంటికి ఎందుకు పిలుస్తుంది? గెలిస్తే మొదటి తరగతి లెక్కలోకి రాదు, ఓడే ప్రమాదం మాత్రం నిజం. అందుకే బలహీనమైన జట్టుకే డబ్బిచ్చి పిలిపించుకుంటుంది. బాగా ఆడటమే మిడ్-మేజర్‌కు అడ్డమవుతుంది.

భూపాలపల్లిలో డిగ్రీ చదివే మా తమ్ముడి వాలీబాల్ జట్టుదీ ఇదే కథ. ఇంటర్ కాలేజియేట్‌లో కంటపడితేనే యూనివర్సిటీ జట్టులో చోటు, ఆ సర్టిఫికెట్ ఉంటేనే స్పోర్ట్స్ కోటా మీద ఆశ. గట్టి జట్లతో ఆడకుండా నేరుగా అక్కడికి పోతే మొదటి మ్యాచే చివరి మ్యాచ్. ప్రాక్టీస్ మ్యాచులు కుదిర్చే పని నాకు అప్పగించారు. వరంగల్‌లో ఒక కెప్టెన్‌ను అడిగితే, "అంత దూరం వచ్చి గెలిస్తే ఏమొస్తది అన్నా, ఓడితే ఇజ్జత్ పోతది" అన్నాడు. ఆయన లెక్క తప్పు కాదు. సుమారు 70 కిలోమీటర్లు, రైలు లేదు, పన్నెండు మందికి బండి కిరాయి.

కాబట్టి మనం మార్చాల్సింది తేదీలు కాదు, అవతలివాళ్ల లెక్క. నాకు మూడు దారులు కనిపించాయి.

ఒకటి, మార్పిడి. ఈసారి మేమొస్తాం, వచ్చే ఏడు మీరు రండి. అమెరికాలోనూ ఇలాంటి ఒప్పందాలే రాసుకుంటారు.

రెండు, మధ్య ఊరు. పరకాల ఇద్దరికీ దాదాపు సగం దూరం. అక్కడి జట్టును కూడా కలిపితే ఒక్క రోజులో, ఒక్క కిరాయితో ప్రతి జట్టుకూ రెండు మ్యాచులు.

మూడు, దారిలో పట్టుకోవడం. దీనికి గొప్ప ఉదాహరణ 1982 డిసెంబర్ నాటిది. దేశంలో నంబర్ వన్ వర్జీనియా జట్టు జపాన్‌లో ఆడి తిరిగొస్తూ హవాయిలో ఆగి, షామినాడ్ అనే చిన్న కాలేజీతో మ్యాచ్ ఆడింది. 7 అడుగుల 4 అంగుళాల రాల్ఫ్ శాంప్సన్ ఉన్న జట్టు 77-72తో ఓడిపోయింది. షామినాడ్ కోసమే వర్జీనియా హవాయి దాకా పోయేది కాదు. దారిలో ఉంది కాబట్టి ఆడింది.

మరి మా ఊరి దారిన ఎవరు పోతారు? ఇంజనీరింగ్ కాలేజీల వాళ్లే! చెల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం, పక్కనే సింగరేణి గనులు, ముందుకెళ్తే కాళేశ్వరం. ఇండస్ట్రియల్ విజిట్ బస్సులో ఆరుగురు ఆటగాళ్లుంటే చాలు. కిరాయి ఎలాగూ కాలేజీదే, సాయంత్రం ఎలాగూ ఖాళీయే.

పరకాల మ్యాచులు ఖాయమయ్యాయి, ఒక మార్పిడి మాటల్లో ఉంది. మూడో దారి మీ చేతుల్లో ఉంది. మీ బ్రాంచి చెల్పూరు విజిట్ ఎప్పుడో క్లబ్‌లో చెప్పండి, బ్యాగులో బూట్లు పెట్టుకు రండి. నెట్ మేం కట్టి ఉంచుతాం.