సుస్థిరాభివృద్ధి విద్య – ప్రపంచ దేశాల సహకారం

తాతలు త్రవ్వించిన చెరువులో నీరంతా ఒక తరమే తోడుకొని, తరువాతి తరానికి బురదను మిగిల్చినట్లయితే ఆ ఊరు బాగుపడిందని ఎవరూ అనరు. నార్వే దేశానికి చెందిన గ్రో హార్లెం బ్రంట్‌లాండ్ అధ్యక్షతన పనిచేసిన ప్రపంచ సంఘం 1987లో వెలువరించిన నివేదిక సారాంశం కూడా ఇదే. నేటి తరం అవసరాలు తీరాలి. అయితే రాబోయే తరాలు తమ అవసరాలను తీర్చుకొనే శక్తికి భంగం కలుగరాదు. ఇట్టి అభివృద్ధినే సుస్థిరాభివృద్ధి అంటున్నాము.

నదులు, గాలి, సముద్రాలు ఎల్లలు దాటి ప్రవహిస్తాయి కనుక వాటి విషయంలో దేశాలు ఒప్పందాలు చేసుకోవడం సహజం. విద్య సంగతి వేరు. పిల్లలకు ఏమి బోధించాలన్నది ప్రతి దేశమూ తన ఇంటి వ్యవహారంగానే భావిస్తుంది. మన దేశంలోనే విద్య 1976 వరకు రాష్ట్రాల జాబితాలో ఉండేది. 42వ రాజ్యాంగ సవరణతో ఉమ్మడి జాబితాలోనికి వచ్చింది. కేంద్రానికీ రాష్ట్రాలకూ నడుమనే ఇంతటి సున్నితమైన విషయంలో పరదేశం మాట చెల్లుతుందా? అందుచేత ఈ రంగంలో అంతర్జాతీయ సహకారానికి ఆజ్ఞాపించే అధికారం లేదు. నచ్చజెప్పడం, అనుభవాలను పంచుకోవడం, ఎవరు ఎంత చేశారో లెక్క చూడడం మాత్రమే దాని చేతిలో ఉన్నాయి.

1977లో జార్జియాలోని తిబిలిసి నగరంలో యునెస్కో పర్యావరణ విద్యపై ప్రభుత్వాల తొలి మహాసభను నిర్వహించింది. 1992 నాటి రియో సదస్సు తన కార్యాచరణ పత్రంలో ఒక అధ్యాయాన్నే విద్యకు కేటాయించింది. 2002లో జోహన్నెస్‌బర్గ్ సదస్సులో జపాన్ ఒక ప్రతిపాదన చేసింది. దాని ఫలితంగా ఐక్యరాజ్యసమితి 2005 నుండి 2014 వరకు గల కాలాన్ని సుస్థిరాభివృద్ధి విద్యా దశాబ్దంగా ప్రకటించి, నిర్వహణ బాధ్యతను యునెస్కోకు అప్పగించింది.

ప్రతిపాదన చేసిన దేశం జపాన్ కావడం గమనింపదగినది. క్యూషూ దీవిలో మినమాటా అనే సముద్రతీర పట్టణం ఉంది. అక్కడి చిస్సో రసాయన కర్మాగారం పాదరసంతో కూడిన వ్యర్థాలను అఖాతంలోనికి విడిచింది. ఆ విషం చేపలలో చేరింది; చేపలు తిన్న పిల్లులు వెర్రెత్తినట్లు గంతులు వేసి మరణించాయి. తరువాత మనుషుల వంతు వచ్చింది. కాళ్ళు చేతులు వణికి, చూపు మందగించి, మాట తడబడి జాలరి కుటుంబాలు నలిగిపోయాయి. తల్లి గర్భంలోని శిశువులకు సైతం విషం సోకింది. 1956లో వ్యాధి అధికారికంగా వెలుగులోకి వచ్చినా, కర్మాగారమే కారణమని ప్రభుత్వం అంగీకరించడానికి 1968 దాకా పట్టింది. ఈలోగా అది అంటువ్యాధి అన్న భయంతో ఇరుగుపొరుగువారు రోగులను వెలివేశారు. విషం ఎంత బాధించిందో ఈ వెలి కూడా అంత బాధించి ఉంటుంది.

నేడు మినమాటాలోని స్మారక ప్రదర్శనశాలలో బాధితులు, వారి బంధువులు స్వయంగా తమ కథను బడిపిల్లలకు చెబుతారు. కర్మాగారంలో పనిచేసినవారు, చేపలు పట్టినవారు ఒకే ఊరివారు కనుక, ఊరికి జీవనోపాధి ఇచ్చినదే ఊరి ప్రాణం తీసినప్పుడు ఏమి చేయాలన్న ప్రశ్న వారి కథలో దాగి ఉంది. రసాయనశాస్త్రం, ఆర్థికశాస్త్రం, పౌరధర్మం మూడూ కలిసిన పాఠమది.

మన దేశంలో 1991లో సుప్రీంకోర్టు న్యాయవాది ఎం.సి. మెహతా వ్యాజ్యంలో పర్యావరణాన్ని పాఠ్యాంశంగా బోధించాలని ఆదేశించింది. ఆ క్రమంలో ఇంటర్మీడియట్‌లోనూ పర్యావరణ విద్య అర్హత పరీక్షగా ప్రవేశించింది. పరీక్షకు ముందు రాత్రి చదివి మరునాడు మరచిపోయే పత్రంగా అది మిగిలిపోయిందన్న విమర్శలో నిజం లేకపోలేదు. నల్లగొండ ప్రాంతపు భూగర్భజలంలో మోతాదు మించిన ఫ్లోరైడు తరతరాలుగా ఎందరి ఎముకలనో వంచివేసింది. నీటిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించింది. ‘నల్లగొండ పద్ధతి’ అన్న పేరుతోనే అది టాంజానియా, ఇథియోపియా దేశాలకు చేరింది. ఒక తెలుగు జిల్లా పేరు ఆఫ్రికా దేశాలలో వినబడుతున్నా, ఆ సంగతి ఎరుగని తెలుగు విద్యార్థులు ఎందరో!

దశాబ్దం 2014లో జపాన్‌లోని ఐచీ–నగోయా సదస్సుతో ముగిసింది. మరుసటి ఏడు ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాలలో నాలుగవది విద్య, అందులోని 4.7 అంశం 2030 నాటికి అభ్యాసకులందరికీ సుస్థిరాభివృద్ధికి అవసరమైన జ్ఞానం, నైపుణ్యం అందాలని చెబుతుంది. 2021 మేలో బెర్లిన్ సదస్సు ఇదే మాటను మరింత గట్టిగా పలికింది.

మాట ఇవ్వడం ఒక ఎత్తు, తరగతి గదికి చేర్చడం మరొక ఎత్తు. ఆ ఏడాదే యునెస్కో 100 దేశాల పాఠ్యప్రణాళికలను పరిశీలించగా, 47 శాతం ప్రణాళికలలో వాతావరణ మార్పు ప్రస్తావనే కనిపించలేదు. ఉపాధ్యాయులను అడిగినప్పుడు, ఆ మార్పు తీవ్రతను బోధించగలమన్న ధీమా 40 శాతంలోపు మందికే ఉన్నట్లు తేలింది. దాని ప్రభావం తమ సొంత ప్రాంతంపై ఎలా ఉందో చక్కగా వివరించగలమన్నవారు దాదాపు మూడింట ఒక వంతు మాత్రమే.