పోలీసు చిత్రములు – ప్రేక్షకసిద్ధి

ప్రేక్షకుల అభిప్రాయము తీర్పుగా రూపొందకముందే ధ్వనిగా, చేష్టగా వెలువడునని భరతుడు గుర్తించెను. నాట్యశాస్త్రమున సిద్ధులను వివరించు ఇరువది యేడవ అధ్యాయము ఇందులకు ప్రమాణము. చిరునవ్వు మొదలుకొని 'సాధు', 'అహో', 'కష్టము' అను పలుకుల మీదుగా పెనుధ్వని వరకు గలది వాఙ్మయసిద్ధి. పులకించుట, లేచి నిలుచుట, వస్త్రములు విసరుట శారీరసిద్ధి. ఈ రెండును మానుషసిద్ధిలోనివి. రంగస్థలము నిండియుండియు సద్దు లేక, క్షోభ లేక సాగిన ప్రయోగమునకు దైవసిద్ధి కలుగును. పోలీసు కథాచిత్రములపై ప్రేక్షకాభిప్రాయమును పరిశీలించుటకు ఈ విభాగము నేటికిని ఉపకరించును.

తెలుగున ఈ జాతి చిత్రములకు 'అంకుశం' ఒరవడి యనదగినది. కోడి రామకృష్ణ దర్శకత్వమున రాజశేఖర్ నాయకుడుగా, రామిరెడ్డి ప్రతినాయకుడుగా వచ్చిన ఈ చిత్రము 1990లో చిరంజీవి నాయకుడుగా 'ప్రతిబంధ్' అను పేర హిందీలోనికి పోయినది. ప్రతినాయకుని నడివీథిలో ఈడ్చుకొనిపోవు ఘట్టమే దీనికి జనము పెట్టుకొన్న గుర్తు. న్యాయస్థానము ఆలస్యము చేయును, రాజకీయము అడ్డుపడును. కావున ఖాకీ ధరించినవాడే తీర్పరి కావలెనను కోరిక ఇచ్చట ఈలలుగా, చప్పట్లుగా బయటపడును. ఇది అల్పాభిరుచి యని త్రోసివేయుట తగదు. శూరులు రౌద్రబీభత్సములయందును యుద్ధములయందును తృప్తి నొందుదురని భరతుడే అంగీకరించెను.

ఇందులకు భిన్నమైన ఉదాహరణము ఢిల్లీలోని మునిర్కాతో ముడివడియున్నది. 2012 డిసెంబరు 16 రాత్రి ఒక యువతియు ఆమె మిత్రుడును మునిర్కా బస్‌స్టాపులో ఎక్కిన ప్రైవేటు బస్సులోనే ఆ ఘోరము జరిగినది. ఆమె డిసెంబరు 29న సింగపూరు ఆసుపత్రిలో మరణించెను. విచారణ, పునర్విచారణలు ముగిసి నలుగురు దోషులు 2020 మార్చి 20న ఉరితీయబడిరి. ఆ కేసు దర్యాప్తును రిచీ మెహతా 'ఢిల్లీ క్రైమ్' అను ఏడు భాగముల ధారావాహికగా తీర్చెను. 2019 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వెలువడిన ఈ కృతి 2020లో అంతర్జాతీయ ఎమ్మీ బహుమానము పొందినది. ఇంట కూర్చుండి చూచుదానికి ఈలతో పనిలేదు. అత్యాచారమును తెరపై చూపకుండుట వలన క్రోధము కంటె బరువైన మౌనము మిగులును. మెచ్చినవారు ఈ సంయమనమును, షెఫాలీ షా అభినయమును మెచ్చిరి. మెచ్చనివారు కథ యంతయు పోలీసుల కన్నులతోనే చూపబడినదనిరి. ఈ రెండవ మాట విలువైనది. మౌనముగా చూచినంతమాత్రమున ప్రేక్షకుడు నిష్పక్షపాతి కాడు. దైవసిద్ధి ప్రయోగమునకే గాని ఇతివృత్తసత్యమునకు ప్రమాణము కాదు.

భరతుడు అభిప్రాయభేదము కలిగినపుడు తీర్పు చెప్పుటకు ప్రాశ్నికులను నియమించెను. యజ్ఞవేత్త, నర్తకుడు, ఛందోవేత్త, శబ్దవేత్త, రాజు, ధనుర్విదుడు, చిత్రకారుడు, వేశ్య, గాంధర్వవేత్త, రాజసేవకుడు – ఇట్లు పదుగురు. ఎవరి విద్యను వారే పరీక్షింతురు. పోలీసు చిత్రమునకు విలుకాని స్థానమున తుపాకి నెరిగినవాడు, రాజసేవకుని స్థానమున ఉద్యోగి చాలుదురు. వ్యవహారధర్మము నెరిగినవానికి మాత్రము ఈ పట్టికలో ప్రత్యేకముగా చోటు లేదు. నాటకశాలలో ఆ లోటు కనబడదు.

శాల వెలుపల కనబడినది. 2019 నవంబరు 27న శంషాబాదు వద్ద ఒక పశువైద్యురాలు అత్యాచారమునకు, హత్యకు గురియయ్యెను. డిసెంబరు 6న చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులు పోలీసుల కాల్పులలో మరణించిరి. జనము గుమికూడి పోలీసులపై పూలు చల్లిరి, జయధ్వానములు చేసిరి. ఇవి వాఙ్మయ శారీరసిద్ధుల లక్షణములే. కాని ఎదుట నున్నది రంగస్థలము కాదు, మృతులు నటులును కారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్, నిందితులను చంపు ఉద్దేశముతోనే కాల్పులు జరిగినవని 2022లో తేల్చెను.