కాల్మోడ్యులిన్ నిరోధకాలు – కణాంతర కాల్షియం విడుదల: ఫలితాల అన్వయంలో జాగ్రత్తలు

వరిలో కాండం తొలుచు పురుగు నివారణకు వాడే క్లోరాంట్రానిలిప్రోల్ కీటక కండరకణాలలోని రయనోడిన్ గ్రాహకాలను తెరచి ఉంచుతుంది. నిల్వలలోని కాల్షియం అదుపు లేకుండా కణద్రవ్యంలోకి వెలువడి, కండరాలు పనిచేయక పురుగు మేత మాని మరణిస్తుంది. కాల్షియం విడుదలపై నియంత్రణ జీవికి ఎంత అవసరమో దీనివల్ల తెలుస్తుంది. ఈ నియంత్రణలో పాల్గొనే ముఖ్యమైన ప్రోటీన్ కాల్మోడ్యులిన్. దాని పాత్రను నిరోధక మందుల సాయంతో అధ్యయనం చేస్తారు. అయితే ఆ ఫలితాలను అన్వయించడంలో పొరపాట్లకు అవకాశం ఉంది.

కాల్మోడ్యులిన్ పాత్ర

విశ్రాంతి స్థితిలో కణద్రవ్యంలోని స్వేచ్ఛా కాల్షియం గాఢత సుమారు 100 నానోమోలార్ మాత్రమే. సంకేతం అందినప్పుడు ఇది మైక్రోమోలార్ స్థాయికి చేరవచ్చు. అప్పుడు 148 అమైనో ఆమ్లాలు గల కాల్మోడ్యులిన్ తన నాలుగు స్థానాలలో కాల్షియంను బంధించి, ఆకృతి మార్చుకొని ఇతర ప్రోటీన్లతో కలుస్తుంది. క్షీరదాల అస్థి కండరాలలో అది రయనోడిన్ గ్రాహకాన్ని కాల్షియం తక్కువగా ఉన్నప్పుడు ఉత్తేజపరుస్తుంది, ఎక్కువైనప్పుడు నిరోధిస్తుంది. కణత్వచంలోని కాల్షియం పంపును కూడా ఉత్తేజపరచి, కాల్షియంను వెలుపలికి పంపడానికి తోడ్పడుతుంది.

నిరోధకాల ప్రభావం

ట్రైఫ్లూపెరజిన్, డబ్ల్యు-7 అనే మందులు కాల్షియంతో కూడిన కాల్మోడ్యులిన్‌లో బయటపడే జలవిరోధి భాగాలకు అతుక్కొని, అది ఇతర ప్రోటీన్లతో కలవకుండా అడ్డుకుంటాయి. వీటిని చేర్చిన తరువాత కణద్రవ్యంలో కాల్షియం పెరిగితే అందుకు మూడు కారణాలు ఉండవచ్చు. మొదటిది, గ్రాహకంపై అదుపు సడలి విడుదల పెరగడం. రెండవది, పంపు మందగించి కాల్షియం తొలగింపు తగ్గడం. మూడవది, మందు కాల్మోడ్యులిన్‌తో నిమిత్తం లేకుండా నిల్వలపై నేరుగా పనిచేయడం. ఉదాహరణకు, ట్రైఫ్లూపెరజిన్ అధిక గాఢతలో నిల్వలలోకి కాల్షియంను చేర్చే పంపునే నిరోధించగలదు. కనుక కాల్షియం పెరుగుదల ఒక్కటే కాల్మోడ్యులిన్ విడుదలను నియంత్రిస్తున్నదనడానికి నిదర్శనం కాదు.

మొక్కలలో అన్వయం

పుష్పించే మొక్కలలో జంతువులలోని వంటి రయనోడిన్ గ్రాహకాలు కనబడలేదు. కాబట్టి జంతుకణాల వివరణను పంటలకు యథాతథంగా వర్తింపజేయరాదు. అంతేగాక, మొక్కలలో కాల్షియంపై ఆధారపడే ప్రోటీన్ కైనేజ్‌లకు కాల్మోడ్యులిన్‌ను పోలిన భాగం ఉంటుంది. డబ్ల్యు-7 వాటినీ నిరోధించగలదు. అందువల్ల, ఈ మందు ఇచ్చిన మొలకలు ఒత్తిడిని తట్టుకోలేకపోయినంత మాత్రాన లోపం కాల్మోడ్యులిన్‌దేనని నిర్ధారించరాదు.

పాటించవలసిన జాగ్రత్తలు

ప్రతి ప్రయోగంలోను క్లోరిన్ లేని, తక్కువ చర్య గల డబ్ల్యు-5ను అదే గాఢతలో సరిపోల్చాలి. మందును పలు మోతాదులలో పరీక్షించాలి. ద్రావణంలోని కాల్షియంను ఈజీటీఏతో బంధించిన తరువాత కూడా పెరుగుదల కనబడితే, ఆ కాల్షియం ప్రధానంగా నిల్వల నుండి వచ్చినదని భావించవచ్చు. ఫలితాన్ని జన్యుపరమైన పద్ధతులతోను ధ్రువీకరించాలి. ఈ జాగ్రత్తలు పాటించిన ఫలితమే వంగడాల అభివృద్ధికి, విస్తరణ సలహాలకు ఆధారం కాగలదు.